ఓడెక్కని వ్యాన్: అమెరికా నుంచి బ్రిటన్‌కు మారిన ఒక కుటుంబం కేస్ స్టడీ

విదేశానికి మకాం మార్చేవాళ్లు కారు గురించి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "పంపడానికి ఎంతవుతుంది?" ఈ కేసులో ఆ ప్రశ్నకు మంచి జవాబే వచ్చింది. రవాణా ఖర్చు భరించదగ్గదే. పన్ను మినహాయింపు దొరికింది. ఓడలో చోటూ దొరికింది. అయినా బండి పంపలేదు. ఆ కుటుంబానికి సలహా ఇచ్చిన మేం, ఆ నిర్ణయం దాకా ఎలా వచ్చామో, దారిలో ఏం చెడిందో ఇక్కడ రాస్తున్నాం. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాం. డబ్బు లెక్కలన్నీ అమెరికాలో ఆ వ్యాన్‌కు ఆనాడు పలికే ధరను 100 అనుకుని చెప్పినవి.

నేపథ్యం

భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. అమెరికా తూర్పు తీరంలో చాలా ఏళ్లుగా ఉంటున్నారు. భర్తకు బ్రిటన్‌లో మూడేళ్ల కాంట్రాక్టు మీద ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత అమెరికా తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు. ఇంటి సామాను ఖర్చు కంపెనీ పెట్టుకుంటుంది, వాహనాల ఖర్చు పెట్టుకోదు. పెద్దబ్బాయికి పదమూడేళ్లు, పవర్ వీల్‌చెయిర్ వాడతాడు. అతన్ని కుర్చీలోంచి మామూలు సీటులోకి మార్చడం కుదరదు. కుర్చీతో సహా బండి ఎక్కాల్సిందే.

ఇంట్లో రెండు బండ్లున్నాయి. ఒకటి రెండేళ్ల ఎలక్ట్రిక్ కారు, దాని మీద లోన్ ఇంకా నడుస్తోంది. రెండోది ఐదేళ్ల మినీవ్యాన్, అప్పేమీ లేదు. వ్యాన్ ఫ్లోర్ కోసి కిందికి దించి, కుడిపక్క స్లైడింగ్ తలుపులోంచి బయటికి తెరుచుకునే మోటార్ ర్యాంప్ బిగించారు. బటన్ నొక్కితే తలుపు తెరుచుకుంటుంది, బండి ఆ పక్కకు కాస్త ఒంగుతుంది, ర్యాంప్ దిగుతుంది. బడి, ఆసుపత్రి, షికారు, అన్నిటికీ ఆ ఒక్క బండే.

వాళ్లు తెచ్చిన ప్రశ్న

తల్లి మొదటి ఫోన్‌లోనే తేల్చేసింది: "కారు సంగతి తర్వాత చూద్దామండీ, ముందు వ్యాన్ వస్తుందో రాదో చెప్పండి." వాళ్ల దగ్గర అప్పటికే ఒక లెక్క ఉంది. వ్యాన్ పంపడానికి 14, ఇలాంటి మార్పులతో కొత్త వ్యాన్ కొనాలంటే 170. పద్నాలుగెక్కడ, నూటడెబ్బై ఎక్కడ! ఇక ఆలోచించేదేముంది అన్నది వాళ్ల ధోరణి.

ఆ లెక్కలో రెండు లోపాలున్నాయి. 14 అన్నది ఒక రేవు నుంచి ఇంకో రేవుకు చేర్చే ఖర్చు. బండి అక్కడి రోడ్డెక్కేదాకా అయ్యేది వేరు. ఇక 170 అన్నది అమెరికాలో కొత్తగా చేయించే బండి ధర. బ్రిటన్‌లో వాళ్లు కొనబోయేది అది కాదు, అక్కడ దొరికే వాడిన బండి. పోల్చాల్సినవి ఈ రెండూ కావు. అయితే ఆ మాట అప్పుడే చెప్పి వాదనకు దిగితే లాభం లేదు. వ్యాన్ అంటే ఆ ఇంటికి అబ్బాయి స్వేచ్ఛ. కాగితం మీద అంకెలు చూపించి దాన్ని వదులుకోమంటే ఎవరూ వదులుకోరు. అందుకే పంపే దారినే ఒక్కో మెట్టూ పరీక్షిస్తూ వెళ్లాం.

మొదటి ప్రయత్నం: రెండూ ఒకే కంటైనర్‌లో

40 అడుగుల కంటైనర్‌లో రెండు బండ్లు పడతాయి, ఒక్కో బండి ఖర్చు తగ్గుతుంది. ఈ ఆలోచన ఎలక్ట్రిక్ కారు దగ్గరే ఆగిపోయింది. అమెరికా నుంచి వాడిన వాహనం బయటికి పోవాలంటే బండి యాజమాన్య పత్రమైన టైటిల్ అసలు ప్రతిని, వాహనాన్ని ఓడ బయల్దేరడానికి కనీసం 72 గంటల ముందు రేవులోని కస్టమ్స్ వాళ్లకు, అంటే సీబీపీకి చూపించాలి. ధర ఎంతైనా సరే, వాహనానికి ఎగుమతి వివరాలు ఏఈఎస్ అనే ప్రభుత్వ వ్యవస్థలో ఎలక్ట్రానిక్‌గా దాఖలు చేసి నంబరు తెచ్చుకోవాలి. టైటిల్ మీద లోన్ ఇచ్చినవాళ్ల పేరుంటే, బండి దేశం దాటడానికి తమకు అభ్యంతరం లేదని వాళ్ల లెటర్‌హెడ్ మీద ఉత్తరం కావాలి. ఇక్కడ బ్యాంకు ఆ ఉత్తరం ఇవ్వనంది. ఇవ్వకపోవడంలో ఆశ్చర్యం లేదు. తాకట్టులో ఉన్న వస్తువు చేజారిపోతుంటే ఎవరు ఒప్పుకుంటారు?

పూచీకత్తు లేని అప్పు ఇంకోటి తీసుకుని ఈ లోన్ తీర్చేయాలని భర్త అనుకున్నాడు. వద్దన్నాం. వడ్డీ ఎక్కువన్నది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, ఆ కారు అక్కడికి చేరినా సగం పనికిరాదు. అమెరికాలో అమ్మిన కారు ఛార్జింగ్ సాకెట్ వేరు, బ్రిటన్‌లో రోడ్డు పక్క ఫాస్ట్ ఛార్జర్లకుండే సీసీఎస్2 ప్లగ్ వేరు. ఇంటి దగ్గర ఆ కారు సాకెట్‌కు సరిపోయే టైప్ 1 కేబుల్‌తో నెమ్మదిగా ఎక్కించుకోవచ్చు గానీ దూర ప్రయాణం చేయలేరు. మ్యాపులు, కారు సిమ్ మీద నడిచే యాప్ సేవలు కూడా ఆ దేశానికి రావు. ఎలక్ట్రిక్ కారు అమ్మేశారు, వచ్చిన డబ్బుతో లోన్ తీరింది. ఆ నిర్ణయానికి ఎక్కువ సమయం పట్టలేదు.

రెండో ప్రయత్నం: వ్యాన్ ఒక్కటే, రోరో ఓడలో

మిగిలింది వ్యాన్. కంటైనరా, బండి నడుపుకుంటూ లోపలికి ఎక్కించే రోరో ఓడా? 20 అడుగుల కంటైనర్ లోపలి పొడవు 5.9 మీటర్లు, వ్యాన్ 5.15. పొడవుకు ఇబ్బంది లేదు. వెడల్పు దగ్గరే చిక్కు. కంటైనర్ తలుపు 2.34 మీటర్లు, అద్దాలు మడిచాక వ్యాన్ రెండు మీటర్లు. పక్కకు పదిహేడు సెంటీమీటర్లు. లోపలికి నడిపిన మనిషి ముందు తలుపు తెరవలేడు, వెనక డోర్ లోంచి పాక్కుంటూ రావాలి. పైగా ఫ్లోర్ దించిన బండి, ఎక్కించే పలక అంచు దగ్గర కింద తగిలే ప్రమాదముంది. రోరోకి ధర ఘనపరిమాణం మీద వేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు గుణిస్తే 5.15 × 2.0 × 1.8, అంటే దాదాపు 18.5 ఘనపు మీటర్లు. కంటైనర్ కంటే చవగ్గానే వచ్చింది. రోరో వైపు మొగ్గాం.

మామూలు కార్లకు చెప్పే జాగ్రత్తలు దీనికీ వర్తిస్తాయి. ట్యాంకులో ఇంధనం పావు వంతుకు మించకూడదు, లోపల సొంత సామాను ఒక్కటీ ఉండకూడదు, ఆయిల్ కారకూడదు, తాళంచెవి బండితోనే ఉండాలి. మార్చిన వ్యాన్‌కు ఇవి చాలవు. రేవులో బండిని నడిపేవాళ్లు రోజుకు వందల బండ్లు ఎక్కిస్తారు. ఈ వ్యాన్ పక్క తలుపు తెరిస్తే ఒంగుతుందని, ర్యాంప్ దానంతటదే బయటికొస్తుందని వాళ్లకు ఎలా తెలుస్తుంది? ఇరుకు డెక్కు మీద ఆ ర్యాంప్ పక్క బండిని గీస్తుంది, లేదా సగంలో ఇరుక్కుని మోటారు కాలిపోతుంది. కాబట్టి మార్పులకు కరెంటిచ్చే మెయిన్ స్విచ్ ఆపేయాలి, పక్క తలుపు తెరవొద్దని స్టీరింగ్ మీద కాగితం కట్టాలి, కింద ఎంత ఖాళీ ఉందో టేపుతో కొలిచి ఆ అంకెను షిప్పింగ్ లైన్‌కు రాతపూర్వకంగా పంపి ఒప్పుకోలు తీసుకోవాలి. మెయిన్ స్విచ్ ఆపకపోతే ఇంకో చిక్కుంది. ఆ ఎలక్ట్రానిక్స్ వారాల తరబడి కొద్దికొద్దిగా కరెంటు తాగి, దిగేసరికి బ్యాటరీని ఖాళీ చేస్తాయి. స్టార్టు కాని బండిని రోరో రేవులో దించడానికి అదనపు చార్జీ పడుతుంది.

బీమా దగ్గర ఇంకాస్త నిలబడాలి. అమెరికా నుంచి వెళ్లే సరుకుకు సముద్ర సరుకు రవాణా చట్టమైన కోగ్సా ప్రకారం ఓడ కంపెనీ బాధ్యత ఒక్కో ప్యాకేజీకి 500 డాలర్లకు పరిమితం. విడిగా మెరైన్ ఇన్సూరెన్స్ లేకుండా పంపడమంటే బండిని దాదాపు బీమా లేకుండా పంపినట్టే. 2022 ఫిబ్రవరిలో ఫెలిసిటీ ఏస్ అనే కార్ల ఓడ అజోర్స్ దీవుల దగ్గర తగలబడి, మార్చి 1న మునిగిపోయింది. దాదాపు నాలుగు వేల కార్లు దానితో పోయాయి. మన కారు క్షేమంగా ఉన్నా, నష్టాన్ని ఓడలో సరుకున్న అందరూ పంచుకోవాలనే జనరల్ యావరేజ్ ప్రకటిస్తే, ఓడను కాపాడటానికైన ఖర్చులో మన వాటాకు పూచీ ఇస్తేనే కారు చేతికిస్తారు. మంచి మెరైన్ పాలసీ ఆ పూచీ కూడా చూసుకుంటుంది. ఈ వ్యాన్‌కు ప్రత్యేకంగా రెండు విషయాలు. పాలసీ విలువలో ర్యాంప్, ఫ్లోర్ మార్పుల ధర విడిగా రాయించాలి, లేకపోతే బీమా కంపెనీ మామూలు వ్యాన్ ధరే కడుతుంది. రెండోది, బయటి దెబ్బ కనబడకుండా యంత్రం గానీ ఎలక్ట్రికల్ భాగం గానీ చెడితే చాలా పాలసీలు కట్టవు. దిగాక ర్యాంప్ మోటారు పనిచేయకపోతే ఆ నష్టం ఇంటివాళ్లదే.

ఇంత చేశాక కూడా రోరో దారి బాగానే కనబడింది. ఓడలో బుకింగ్ అడిగాం, డబ్బు కట్టలేదు.

పన్ను: అవునన్న జవాబుతో వచ్చిన పొరపాటు ధైర్యం

బ్రిటన్‌కు కారు తెస్తే 10 శాతం సుంకం, దాని మీద 20 శాతం వ్యాట్. బండి 100, రవాణా 14, బీమా 2 కలిపితే 116. సుంకం 11.6. సుంకంతో కలిపిన 127.6 మీద వ్యాట్ 25.5. మొత్తం 37 పైచిలుకు. అయితే నివాసం మార్చుకుంటున్నవాళ్లకు ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్ మినహాయింపు ఉంది. వరసగా కనీసం 12 నెలలు బ్రిటన్ బయట నివాసముండాలి, బండిని కనీసం ఆరు నెలలు సొంతంగా వాడి ఉండాలి, తెచ్చాక 12 నెలల పాటు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, ఎవరికీ వాడుకోవడానికి ఇవ్వకూడదు. బ్రిటన్ పన్నుల శాఖ హెచ్‌ఎంఆర్‌సీకి దరఖాస్తు పెట్టుకుని, సామాను చేరకముందే నంబరు తెచ్చుకోవాలి. వీళ్లకు అన్ని షరతులూ సరిపోయాయి, నంబరు వచ్చింది.

ఆ రోజు ఇంట్లో పండగే. వ్యాన్‌కు ప్రభుత్వం ఒప్పుకుందని తల్లి బంధువులందరికీ చెప్పుకుంది. కానీ ప్రభుత్వం ఒప్పుకున్నది పన్ను వదిలేయడానికి మాత్రమే. ఆ బండి అక్కడి రోడ్డు మీద నడవొచ్చా అన్నది ఆ కాగితంలో ఎక్కడా లేదు. ఈ రెండింటినీ కలిపేసుకోవడం మాకు తరచూ కనబడుతుంది. మినహాయింపు కాగితం చేతికందాక ఇక వెనక్కి తగ్గడానికి మనసొప్పదు.

నిజానికి ఆ మినహాయింపే తొందరపడొద్దనడానికి బలమైన కారణం. పన్ను కట్టి తెచ్చిన బండి నచ్చకపోతే మర్నాడే అమ్ముకోవచ్చు. మినహాయింపు మీద తెచ్చిన బండి సరిపడకపోతే ఏడాది పాటు గుమ్మం ముందు పెట్టుకోవాలి, లేదా వదిలేసిన పన్ను కట్టి అమ్మాలి. అక్కడికి వెళ్లాక తేలే ఏ లోపమైనా పన్నెండు నెలల లోపమవుతుంది. అందుకే బుకింగ్ ఖాయం చేసే ముందు ఒక వారం ఆగి, బండి అక్కడ ఎలా బతుకుతుందన్నది పూర్తిగా చూద్దామన్నాం.

రోడ్డెక్కించడం

బ్రిటన్‌లో దిగిన 14 రోజుల్లోపు వాహనం వచ్చినట్టు చెప్పే నోవా విధానంలో హెచ్‌ఎంఆర్‌సీకి తెలియజేయాలి. ఆ మోడల్ ఐరోపా ప్రమాణాలకు సరిపోతుందన్న టైప్ అప్రూవల్ లేని, పదేళ్లు నిండని కారుకు వాహనాల తనిఖీ సంస్థ డీవీఎస్‌ఏ దగ్గర ఐవీఏ, అంటే ఆ ఒక్క బండినే ప్రమాణాలతో సరిచూసే పరీక్ష ఉంటుంది. మూడేళ్లు దాటిన బండి కాబట్టి ఏటా చేసే రోడ్డు యోగ్యత పరీక్ష ఎంఓటీ కూడా కావాలి. ఇవన్నీ అయ్యాక రిజిస్ట్రేషన్ చేసే సంస్థ డీవీఎల్‌ఏకి వీ55/5 ఫారం పంపితే నంబరు వస్తుంది.

పరీక్షలో పాసవడానికి లైట్లు మార్చాలి. అమెరికా హెడ్‌లైట్ కుడివైపు అంచుకు ఎక్కువ వెలుగు వేస్తుంది. బ్రిటన్‌లో అదే వెలుగు ఎదురొచ్చేవాడి కళ్లలో పడుతుంది. వెనక ఇండికేటర్ అమెరికాలో బ్రేక్ లైటుతో కలిపి ఎర్రగా ఉండొచ్చు, ఈ వ్యాన్‌కు అలాగే ఉంది. అక్కడ కాషాయరంగులో విడిగా ఉండాలి. వెనక ఫాగ్ లైటు తప్పనిసరి, అది మధ్యలో గానీ కుడివైపు గానీ ఉండాలి. చాలా కార్లకు ఇదేం పెద్ద సమస్య కాదు. అదే మోడల్ బ్రిటన్‌లోనూ అమ్ముతుంటే అక్కడి లైట్లు తెచ్చి బిగించుకోవచ్చు. ఈ మినీవ్యాన్‌ను బ్రిటన్‌లో అమ్మనే లేదు. ఎడమవైపు రోడ్డుకు సరిపోయే హెడ్‌లైట్ ఆ బండికి తయారుకాలేదు. వేరే లైట్లు అమర్చే వర్క్‌షాప్ ఒకటి దొరికింది, పరీక్ష ఫీజులతో, రిజిస్ట్రేషన్‌తో కలిపి అంచనా 16కి చేరింది. ఈలోగా, అంటే బండిని రేవులో అప్పగించిన రోజు నుంచి నంబరు ప్లేటు పడేదాకా రెండు మూడు నెలలు, అబ్బాయికి అద్దె వ్యాన్ కావాలి. అది 9.

బీమా 2తో కలిపి ఇక్కడికి పంపే ఖర్చు 14 నుంచి 41కి పెరిగింది. అయినా తల్లి వెనక్కి తగ్గలేదు. తగ్గాల్సిన అవసరమూ లేదు. 41 ఖర్చుతో అబ్బాయికి అలవాటైన బండి వస్తుందంటే చాలామంది పెట్టుకుంటారు.

ర్యాంప్ ఏ పక్క?

వాళ్లు అద్దెకు మాట్లాడుకున్న ఇంటి వీధి, బడి గేటు ముందు రోడ్డు ఫొటోలు తెప్పించాం. ఇల్లు వరస ఇళ్లలో ఒకటి, సొంత పార్కింగ్ లేదు, బండి వీధిలోనే ఆపాలి. అమెరికాలో బండి రోడ్డుకు కుడి అంచున ఆగుతుంది, ర్యాంప్ కుడిపక్క తెరుచుకుని ఫుట్‌పాత్ మీదికి దిగుతుంది. బ్రిటన్‌లో బండి ఎడమ అంచున ఆగుతుంది. అదే ర్యాంప్ వాహనాలు వెళ్లే దారిలోకి దిగుతుంది. అబ్బాయి కుర్చీ నేరుగా ట్రాఫిక్‌లోకి వస్తుంది.

మాటలతో చెబితే సరిపోదని ఒక చిన్న పరీక్ష చేయమన్నాం. వాళ్లు ఉంటున్న చోటే, వన్‌వే వీధిలో, ఎడమ అంచున వ్యాన్ ఆపి, తండ్రి వెనక కాపలా ఉండగా అబ్బాయిని దింపాలి. ర్యాంప్ అంచు నుంచి కుర్చీ తిప్పుకోవడానికి చోటు కలిపి కొలిస్తే బండి పక్క నుంచి 2.4 మీటర్లు కావాల్సి వచ్చింది. అంటే రోడ్డు మీద వాహనాలు వెళ్లే ఒక వరస దాదాపు మొత్తం. దింపడానికి పట్టే నిమిషాల సేపు ఆ వరసను ఆపాలి, రోజుకు కనీసం నాలుగుసార్లు.

దారులు వెతికాం, ఎందుకంటే ఒక్క కారణంతో ఇంత పని వదిలేయడం న్యాయం కాదు. ఎదురు దిశలో పార్క్ చేస్తే ర్యాంప్ ఫుట్‌పాత్ వైపు వస్తుంది కదా? పగలు కొన్ని వీధుల్లో కుదురుతుంది. కానీ రాత్రిపూట ట్రాఫిక్‌కు ఎదురుగా పార్క్ చేయకూడదని బ్రిటన్ రోడ్డు నియమావళి హైవే కోడ్ 248వ నియమం చెబుతుంది. చలికాలం అక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది, బడి వదిలే వేళకు దాదాపు అదే సమయం. దుకాణాల పార్కింగ్‌లో? అక్కడ బండి రివర్స్‌లో పెట్టి ర్యాంప్‌ను కావలసిన వైపుకు తిప్పుకోవచ్చు, కాబట్టి పక్క సమస్య లేదు, వెడల్పు సమస్య ఉంది. అమెరికాలో వ్యాన్‌కు పనికొచ్చే వికలాంగుల చోటు అంటే 8 అడుగుల చోటుకు పక్కన 8 అడుగుల గీతల ఖాళీ, లేదా 11 అడుగుల చోటుకు పక్కన 5 అడుగులు. బ్రిటన్‌లో మామూలు చోటు 2.4 మీటర్ల వెడల్పు, వికలాంగుల చోటు పక్క గీతల ఖాళీ 1.2 మీటర్లు. 2.4 కావలసిన చోట సగమే. అక్కడి కొలతల్లో బండి వెనక నుంచి ఎక్కడానికీ చోటు చూసుకుంటారు. వీధి పక్క వికలాంగుల చోట్లకు 6.6 మీటర్ల పొడవు సిఫారసు చేయడం అందుకే.

ర్యాంప్‌ను ఎడమపక్కకు మార్పిస్తే? దించిన ఫ్లోర్, మార్చిన ఇంధన గొట్టాలు, ఒంగే మెకానిజం అన్నీ కుడి తలుపు చుట్టూ కట్టినవి. మార్చడం అంటే మళ్లీ మొదటి నుంచి కట్టడమే, పైగా ఎడమ స్టీరింగ్ వ్యాన్‌లో. ఏ వర్క్‌షాప్ కూడా ధర చెప్పడానికి ముందుకు రాలేదు.

పరీక్ష వీడియో చూశాక తల్లి ఇంకేమీ అడగలేదు. బుకింగ్ వదిలేశాం.

పనిచేసిన దారి

వ్యాన్‌ను మామూలు డీలర్‌కు చూపిస్తే 55 ఇస్తానన్నాడు. అతనికి ర్యాంప్ విలువ పెట్టే కొనుగోలుదారు లేడు. వీల్‌చెయిర్ వ్యాన్లే అమ్మే డీలర్ 92కి తీసుకున్నాడు, ప్రయాణానికి ముందు వారం దాకా వాడుకోనిచ్చాడు. ఇలాంటి బండికి కొనేవాడిని సరిగ్గా ఎంచుకోవడమే సగం పని.

వాళ్లు బ్రిటన్‌లో దిగకముందే అక్కడ బండి కొనొద్దని గట్టిగా చెప్పాం. మొదట ఆరు వారాలు అద్దె, తర్వాత కుర్చీతో ఎక్కించి చూసి కొనడం. అద్దెకు తెచ్చిన మొదటి బండి పనికిరాలేదు. డీలర్ చెప్పిన తలుపు ఎత్తు, ఇంట్లో కొలిచిన అబ్బాయి కూర్చున్న ఎత్తు, రెండూ సరిపోయినట్టే ఉన్నాయి. కానీ వెనక ర్యాంప్ మీద కుర్చీ వాలి ఎక్కుతుంది, నేల మీద కొలిచిన ఎత్తు అక్కడ పనికిరాదు. హెడ్‌రెస్ట్ పైకమ్మికి తగిలింది. కొలత ర్యాంప్ మీదే తీసుకోవాలి. లోపల కూర్చున్నాక అబ్బాయికి కిటికీలోంచి బయట కనబడాలి, పైకప్పు లోపలి లైనింగ్ మాత్రమే కనబడితే గంట ప్రయాణం నరకం. ఈ రెండో మాట తండ్రి కన్నా అబ్బాయే ముందు చెప్పాడు.

ఇంకో అడ్డంకి కుర్చీ కింద వచ్చింది. అమెరికా వ్యాన్‌లో కుర్చీ దానంతటది తగులుకుని నిలబడే డాకింగ్ పిన్ ఉండేది. అది కిందికి వేలాడుతూ కొత్త ర్యాంప్ కీలు దగ్గర తట్టుకుంది. పిన్ తీసేసి, నాలుగు మూలల బెల్టులతో కట్టే పద్ధతికి మారారు. బెల్టులు ఎక్కడ తగిలించాలో కుర్చీ మీద గుర్తులుండాలి, వాహనంలో కూర్చోవడానికి ఢీకొట్టే పరీక్ష చేసిన కుర్చీ అని లేబుల్ ఉండాలి. ఈ కుర్చీకి అమెరికా డబ్ల్యూసీ19 లేబుల్ ఉంది, బ్రిటన్ డీలర్లు ఐఎస్‌ఓ 7176-19 అడుగుతారు. కుర్చీ తయారీదారు రెంటికీ కాగితం ఇచ్చాడు, దాన్ని అమెరికాలో ఉండగానే తెప్పించుకున్నాం. కుర్చీ, మనిషి కలిపి బరువు ర్యాంప్ ప్లేటు మీద రాసిన పరిమితిలో ఉందా అన్నదీ అద్దె బండి మీదే తేల్చుకున్నారు.

చివరికి రెండేళ్ల వాడిన, వెనక నుంచి ఎక్కే వ్యాన్ 90కి కొన్నారు. వీల్‌చెయిర్ వాడేవాళ్ల కోసం శాశ్వతంగా మార్చిన వాహనానికి బ్రిటన్‌లో వ్యాట్ ఉండదు. మూడేళ్లకు ఒక బండి అన్న పరిమితి 2017 ఏప్రిల్ నుంచి ఉంది, అర్హత ప్రకటన కొనేటప్పుడే ఇవ్వాలి. వికలాంగులకు అక్కడున్న మోటబిలిటీ అద్దె పథకం గురించి చాలామంది చెబుతారు. దానికి ప్రభుత్వ భత్యం అందుకుంటూ ఉండాలి, వీసా షరతుల వల్ల వీళ్లకు అది రాదు. దాని మీద ఆశ పెట్టుకుని సమయం పోగొట్టుకోలేదు.

మూడేళ్ల లెక్క ఇలా తేలింది. వ్యాన్ పంపి తిరిగి తెచ్చుకుంటే: ధర తరుగు 55, రోడ్డెక్కించేదాకా ఖర్చు 41, వెనక్కి తేవడం 16, మొత్తం 112. అక్కడే అమ్మేస్తే ఎడమ స్టీరింగ్, రోడ్డు వైపు ర్యాంప్ ఉన్న బండికి 15 వచ్చినా గొప్పే, అప్పుడు నష్టం 126. ఇక్కడ అమ్మి అక్కడ కొంటే: అమ్మకంలో 8, అద్దె 7, కొన్న వ్యాన్ తరుగు 40, కలిపి 55. అలవాటైన బండి పోయినందుకు ఏ అంకే వేయలేదు, వేయగలిగేది కూడా కాదు.

ఈ కేసు తర్వాత అడిగే వరస

పని మొదలుపెట్టేటప్పుడు ఇప్పుడు ఖర్చు చివర అడుగుతాం. బండి ఒక రోజంతా అక్కడ ఎక్కడెక్కడ ఆగుతుంది, ఎవరు ఏ పక్క దిగుతారు, ఛార్జింగ్ గానీ ఇంధనం గానీ ఎక్కడ, ఆ మోడల్ అక్కడ అమ్ముతారా అన్నవి ముందు. ఇవి ఫొటోలతో, టేపుతో ఒక్క రోజులో తేలిపోయే ప్రశ్నలు, ఒక్కటి కాదన్నా మిగతావన్నీ ఆగిపోతాయి. తర్వాత బండి వయసు: బ్రిటన్‌లో పదేళ్లు దాటిన కారుకు ఐవీఏ అక్కర్లేదు, ఎంఓటీ చాలు. కొత్త కారు కంటే పాతదే సులువుగా దేశం మారే సందర్భాలు ఇందువల్ల వస్తాయి. తర్వాత టైటిల్: ఎలక్ట్రానిక్ టైటిల్ ఉన్న రాష్ట్రాల్లో కాగితం చేతికి రావడానికే వారాలు పడుతుంది, కాబట్టి పంపుదామా వద్దా అన్నది తేలకపోయినా అది ముందే అడిగి పెట్టుకోవాలి. పన్ను మినహాయింపు ఆ తర్వాత. ఓడ అన్నిటికన్నా ఆఖర.

బండి పంపినా పంపకపోయినా వదలకూడనివి కొన్ని. క్లెయిములు లేవని అమెరికా బీమా కంపెనీ నుంచి ఉత్తరం, పాలసీ రద్దు చేసుకునే ముందే తీసుకోవాలి. బ్రిటన్‌లో అన్ని కంపెనీలూ దాన్ని ఒప్పుకోవు, ఒప్పుకునే చోట ప్రీమియం తగ్గుతుంది. అమెరికా లైసెన్సు అక్కడ 12 నెలలే చెల్లుతుంది, ఆ తర్వాత థియరీ, డ్రైవింగ్ పరీక్షలు రెండూ రాయాలి. ఆటోమేటిక్ కారులో పాసైతే ఆటోమేటిక్‌కే లైసెన్సు. పవర్ కుర్చీ ఛార్జర్ 230 వోల్టులకు పనికొస్తుందో లేదో వెనక స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. వ్యాన్ గొడవలో పడి దాన్ని మర్చిపోతే మొదటి రాత్రే కుర్చీ ఆగిపోతుంది.

దేశం మారితే జవాబూ మారుతుంది. ఇదే కుటుంబం ఇదే వ్యాన్‌తో జర్మనీకి వెళ్తుంటే రోడ్డు కుడివైపే, ర్యాంప్ ఫుట్‌పాత్ మీదికే దిగుతుంది, హెడ్‌లైట్ వెలుగు పడే దిశా సరైనదే. ఐరోపా సమాఖ్యలోనూ నివాసం మార్చుకునేవాళ్లకు దాదాపు ఇవే షరతులతో సుంకం మినహాయింపు ఉంది. అప్పుడు వెతకాల్సినవి ఎర్ర ఇండికేటర్, విడిభాగాలు, సాంకేతిక తనిఖీకి కావలసిన కాగితాలు. ఆ మూడూ కుదిరితే, తల్లి మొదటి ఫోన్‌లో వేసిన లెక్క నిజానికి అంత దూరంగా ఉండేది కాదు.